కెమెరాకు చిక్కని జీవులు

మా కోటగిరి ప్రాంతమున పొద్దు క్రుంకిన తరువాత చిరుతపులి కనిపించినదన్న వార్త పుట్టినచో అది బాన్సువాడ చేరుటకు అరగంట పట్టదు. వార్తతోపాటు సెల్‌ఫోనులలో ఒక బొమ్మయు ప్రయాణము చేయును. ఆ బొమ్మలో నల్లని గట్టు, బూడిదరంగు ఆకాశము, వాని నడుమ ఒక మచ్చ ఉండును. ఆ మచ్చకు ఒకరు తోకను చూపుదురు, మరియొకరు చెవులను చూపుదురు. పిల్లవాడెవడైన అది మేక కాదా అని అడిగినచో వానిని కసరి కూర్చుండబెట్టుదురు. నిప్పు లేనిదే పొగ రాదని పెద్దలు తలలూపుదురు. నిజమే కాని, చలికాలపు ఉదయమున మంజీర మీద లేచు మంచు కూడ దూరమునకు పొగవలెనే కనబడును.

ఇంటింట కెమెరా ఉన్న ఈ కాలమున, కావలసిన బొమ్మ మాత్రమే స్పష్టముగా పడకపోవుటకు కారణమేమి? ఈ ప్రశ్న మన ఊళ్ళదే కాదు. అమెరికావారు అరువది ఏండ్లకు పైగా వేరొక జీవిని గూర్చి దీనినే వేసికొనుచున్నారు. ఆ దేశపు పడమటి అడవులలో ఒడలెల్ల రోమములతో, మనిషివలె రెండు కాళ్ళపై నడచు ఒక మహాకాయము తిరుగుచున్నదని అక్కడ చాలమంది నమ్మకము. 1958లో ఉత్తర కాలిఫోర్నియాలో అడవి బాట వేయుచున్న పనివారికి మట్టిలో పెద్ద పెద్ద అడుగుజాడలు కనిపింపగా, పత్రికలవారు ఆ జీవికి బిగ్‌ఫుట్ అని పేరు పెట్టిరి; పెద్దపాదమని అర్థము. ఆ బాట పని చేయించిన గుత్తేదారు రే వాలెస్ 2002లో మరణించిన పిమ్మట, అతని కుటుంబమువారు కొయ్యతో చెక్కిన పాదములను బయటపెట్టి, ఆ జాడలు వేసినవి ఇవేయని చెప్పిరి. అయినను నమ్మకము చెక్కుచెదరలేదు.

దానికి ఆధారము ముఖ్యముగా ఒక చలనచిత్రము. 1967 అక్టోబరు 20న రోజర్ ప్యాటర్సన్, బాబ్ గిమ్లిన్ అను ఇద్దరు బ్లఫ్ క్రీక్ అను వాగు ఒడ్డున దానిని తీసిరి. నిముషమైన నిండని ఆ ఫిలిములో నల్లని ఆకారమొకటి నడచిపోవుచు ఒక్కసారి వెనుదిరిగి చూచును. అది వేషము వేసిన మనిషియని కొందరు, కాదని కొందరు నేటికిని వాదించుచున్నారు. మాకు వింతగా తోచునది ఆ వాదము కాదు. నాడు అడవికి కెమెరా తీసికొనిపోవువారు అరుదు. నేడు కెమెరా లేక పోవువారు అరుదు. అట్లయ్యును ఆ పాత ఫిలిమును మించిన బొమ్మ ఇంతవరకు రాలేదు.

కెమెరా పక్షమున మొదట రెండు మాటలు చెప్పుట న్యాయము. సెల్‌ఫోను కెమెరా పెండ్లిపందిరిని, పదిమంది బంధువులను ఒక్క బొమ్మలో ఇముడ్చుటకై చేయబడినది. దాని చూపు విశాలము. 100 మీటర్ల దూరమున అది సుమారు 140 మీటర్ల వెడల్పు మేరను పట్టుకొనును. తోకను విడిచి చిరుత పొడవు ఒకటిన్నర మీటరు లోపే. అనగా నిజాంసాగర్ కాలువకు అవతలి గట్టు మీద నిజముగా చిరుతయే నిలిచినను, బొమ్మ వెడల్పులో దాని భాగము నూరవ వంతు. దానిని వ్రేళ్ళతో లాగి పెద్దది చేసినచో మచ్చ పెద్దదగునే కాని వివరము పెరుగదు. నీళ్ళు పోసి పెంచిన మజ్జిగ వంటిది. ఇక వెలుతురు సంగతి. మునిమాపువేళ కెమెరా తన కన్నును ఎక్కువసేపు తెరచి ఉంచవలెను. సెకనులో పదిహేనవ వంతు తెరచినదనుకొందము. గంటకు 30 కిలోమీటర్ల వేగమున పరుగెత్తు జంతువు ఆ రెప్పపాటులో అరమీటరుకు పైగా ముందుకు పోవును. తల ఉన్న చోటికి నడుము వచ్చును. ఇక తీయువాని చేయి వణకుటను మేము లెక్కలోనికి తీసికొనలేదు. చిరుతను చూచి చేయి వణకనివాడు ఎవడు?

కనుక నిజమైన జంతువు నిజముగా వచ్చినను తొలిబొమ్మ మసకగానే ఉండును. మసక ఒక్కటే చూచి లేదనుట తొందరపాటు. అయితే నిజముగా ఉన్న జీవి ఒకటి రెండు సాయంకాలములు కాదు, దశాబ్దముల తరబడి మనుషుల కంటికే దొరకకుండ ఉండగలదా? ఉండగలదు. దానికి సాక్ష్యమును వెదకుచు అమెరికా దాక పోనక్కరలేదు. కడప జిల్లాలో లంకమల కొండల దిగువనున్న ముండ్లపొదల దాక పోయిన చాలును.

అక్కడి పిట్ట పేరు కలివికోడి. కలివి పొదల నడుమ తిరుగును గనుక ఆ పేరు. కోడియన్న మాటేగాని కోడిజాతి కాదు. తీతువుపిట్టకు దూరపు చుట్టము. పొడవు సుమారు 27 సెంటీమీటర్లు, జానెడుకు కొంచెము ఎక్కువ. రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు, రాత్రి చూపునకు తగిన పెద్ద కండ్లు. పగలు పొదల నీడన కదలక యుండి, చీకటి పడిన తరువాత పురుగులకై నేల మీద తిరుగును. జడిసినపుడు ఎగురుట కంటె పరుగెత్తుటకే దానికి ఇష్టము. రంగు చూచినచో అక్కడి మన్ను, ఎండుటాకు, నీడ మూడును కలిపి చేసినట్లుండును.

మద్రాసు సైన్యమున వైద్యుడుగా ఉన్న టి.సి.జెర్డాన్ వలన ఈ పిట్ట 1848లో శాస్త్రలోకమునకు తెలిసినది. పిమ్మట పెన్నా పరీవాహమునను, గోదావరి సీమలో భద్రాచలము, సిరొంచ ప్రాంతములలోను చూచినట్లు వ్రాతలున్నవి. 1900లో అనంతపురము దగ్గర చూచినట్లు నమోదైనది. ఆ మీదట ఎనుబదియారేండ్లు మౌనము. ఆ జాతి నశించినదని చాలమంది నిశ్చయించుకొనిరి. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు మాత్రము ఆశ విడువక, కడప జిల్లా పల్లెలలో దాని బొమ్మను చూపి విచారించిరి. పిట్టలు పట్టుటలో నేర్పరి యగు ఐతన్న అను స్థానికుడు 1986 జనవరిలో ఒక రాత్రి దీపపు వెలుగున ఒకదానిని ప్రాణములతో పట్టి తెచ్చెను. సొసైటీ పక్షమున వెదకుచున్న భరత్ భూషణ్ దానిని కలివికోడిగా నిర్ధారించెను. ఆ పిట్ట ఎక్కువ దినములు బ్రదుకలేదు; అది వేరే విచారము. శాస్త్రజ్ఞులకు ఎనుబదియారేండ్లుగా లేని పిట్ట, ఆ పొదల మధ్య తిరుగువారికి ఏనాడును లేకపోలేదు.

అడవివారి మాట నమ్మవలెనని బిగ్‌ఫుట్ పక్షమువారు కూడ అందురు. నమ్మవలసినదే. ఐతన్న చెప్పి ఊరకుండలేదు, పిట్టను తెచ్చి చేతిలో పెట్టెను. అక్కడనే దారులు వేరైనవి.

1988లో తపాలాశాఖవారు కలివికోడి బొమ్మతో తపాలబిళ్ళను వేసిరి. ఆ ప్రాంతము శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యమైనది. దేశమంతట ఉత్తరముల మీద దాని బొమ్మ తిరిగినదే గాని, అడవిలో దానిని చూచినవారిని వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. 2000 తరువాత జెగనాథన్ మున్నగు పరిశోధకులు వేరొక ఉపాయము పన్నిరి. పిట్ట వెంట పడుట మాని, పొదల నడుమనున్న ఖాళీలలో మెత్తని మట్టిని పట్టీలుగా పరచిరి. తెల్లవారి చూచునప్పటికి రాత్రి నడచినవారందరి సంతకములు దాని మీద ఉండును. కలివికోడికి కాలి మూడు వ్రేళ్ళును ముందుకే. వెనుక వ్రేలు లేదు. కాని అడుగును చూచి పేరు చెప్పుటలో పొరపాటు రావచ్చును గదా? అందుకై పట్టీల ప్రక్కన తమంతట తామే బొమ్మ తీయు కెమెరాలను అమర్చిరి. అడుగుకు బొమ్మ, బొమ్మకు అడుగు సాక్ష్యమైనవి. ఆ పిట్ట కూతను పట్టి, దానినే తిరిగి వినిపించి, బదులు వచ్చునేమోయని చెవియొగ్గిరి.

ఈ మట్టి ఉపాయము మన పొలము గట్టున కూడ పనిచేయును. రాత్రి వచ్చినది చిరుతయో కుక్కయో తెలియనపుడు, తెల్లవారి తడిమన్ను చూడవలెను. కుక్క అడుగున, దుమ్ములగొండి అడుగున గోళ్ళ గుర్తులు పడును. చిరుత నడచునపుడు గోళ్ళను లోనికి ముడుచుకొనును. ఆ చోటును పదిమంది త్రొక్కక ముందే అటవీశాఖవారికి చూపినచో ఫోనులోని మచ్చ కంటె ఎక్కువ సంగతి చెప్పును.

కలివికోడికి ఇంకొక సాక్ష్యము సముద్రములకు ఆవల దొరికినది. కోలారు బంగారు గనుల ప్రాంతమున పశువైద్యుడుగా ఉన్న ఎర్నెస్ట్ మీటన్ 1917లో సేకరించిన గ్రుడ్డు ఒకటి స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయపు ప్రదర్శనశాలలో పడియుండెను. అది కలివికోడి గ్రుడ్డేయని డీఎన్ఏ పరీక్ష వలన తేలినట్లు 2013లో వెల్లడియైనది. పిట్ట నిజముగా ఉన్నచో ఇట్లే జరుగును. దాని రూపము కంటికి దొరకకున్నను, ఈక ఒక చోట, గ్రుడ్డు ఒక చోట, అడుగు ఒక చోట, కూత ఒక చోట దొరకును; ఒకరినొకరు ఎరుగనివారికి దొరకిన ఆ ముక్కలన్నియు కలిపిన ఒకే పిట్ట యగును.

బిగ్‌ఫుట్‌కు ఎముక లేదు, పల్లు లేదు, పిల్ల లేదు. హిమాలయపు యతి అని దాచుకొన్న వెండ్రుకలు, ఎముకలు, తోలు మొదలగు తొమ్మిదింటిని శాస్త్రజ్ఞులు పరీక్షించి 2017లో ఫలితమును ప్రకటించిరి. ఎనిమిది ఎలుగుబంట్లవి, ఒకటి కుక్కది. మసక వెలుతురున త్రాటిని చూచి పామనుకొనుట మన వేదాంతులకు ప్రియమైన దృష్టాంతము. అందు దీపము తెచ్చినంతనే సందేహము తీరును. బిగ్‌ఫుట్ విషయమున దీపము మీద దీపము తెచ్చుచునే యున్నారు. దీపము వచ్చిన చోటినుండి అది తొలగిపోవుచున్నది. అది మిక్కిలి తెలివిగలదనియు, కెమెరా వాసన పసిగట్టుననియు అందురు. కుందేటికి మూడే కాళ్ళన్నవానితో ఎంతసేపు వాదింపగలము?

కెమెరాను పసిగట్టు మృగములు ఉండవచ్చును. కాని అడవిలో కెమెరా అనునది నేడు మనిషి భుజమున వ్రేలాడునది మాత్రమే కాదు. 1920లలోనే ఎఫ్.డబ్ల్యు.ఛాంపియన్ అను అటవీ అధికారి ఉత్తర హిందూస్థానమున పులి నడచు బాటకు అడ్డముగా తీగ కట్టి, పులి తన కాలితో తన బొమ్మను తానే తీసికొనునట్లు చేసెను. నేటి కెమెరాలకు తీగ అక్కరలేదు. చెట్టుకు కట్టిన చిన్న పెట్టె తన ముందు కదలిన ఒంటి వేడిమిని గుర్తించి, కంటికి కనబడని వెలుగుతో చీకటిలోనే బొమ్మ తీయును. 2018–19లో మన దేశపు పులుల లెక్కకై 26,838 చోట్ల ఇట్టివి అమర్చిరి. పడిన బొమ్మలు 3 కోట్ల 48 లక్షలకు పైబడినవి. అందు పులులవి 76,651, చిరుతలవి 51,777. చీకటిలో దొంగవలె నడచు చిరుతయే అన్నిసార్లు చిక్కినది. అమెరికా అడవులలోను ఇట్టి పెట్టెలు విస్తారముగా ఉన్నవి. వానిలో జింకలు పడుచున్నవి, ఎలుగులు పడుచున్నవి, వేటగాండ్రు పడుచున్నారు.

బొమ్మ దొరకకపోవుట వలన బిగ్‌ఫుట్‌కు వచ్చు నష్టమేమియు లేదు. కలివికోడికి కలదు. ముండ్లపొదల నేలను మనవారు బంజరు అందురు. చదును చేయుట, పొదలు నరుకుట, కాలువ త్రవ్వుట అన్నియు అక్కడనే ముందు జరుగును. 2005లో తెలుగుగంగ కాలువ పని ఆ పిట్ట నివాసములోనికి వచ్చినది. అక్కడ ఏమున్నదని అడిగినవారికి చూపుటకు అడుగుజాడల పట్టికలు, కెమెరా బొమ్మలు అప్పటికి సిద్ధముగా ఉండెను. కాలువ దారి మార్చబడినది. రాత్రివేళ మట్టి పరచుకొని కూర్చున్నవారి శ్రమ లేకున్నచో, ఆ వాదము నోటిమాటగానే మిగిలియుండును.

2008 తరువాత ఆ పిట్టను నిశ్చయముగా చూచిన దాఖలా లేకపోయెను. మరల పుస్తకములలో సందేహములు మొదలైనవి. పదునేడేండ్లకు, 2025 ఆగస్టులో, పక్షిపరిశీలకుల బృందమొకటి కడప జిల్లాలో రాత్రివేళ దాని కూతను విని ధ్వనిముద్రణ చేసినది. కెమెరాకు కాక మైక్రోఫోనుకు ముందు చిక్కినదన్న మాట, రేడియో ముందు కూర్చున్న మనకు కొంత గర్వకారణమే.

ఆ కూత రెండు స్వరములది, మరల మరల వచ్చును. ప్రొద్దు క్రుంకిన ముప్పాతిక గంట ప్రాంతమున మొదలై, కొన్ని నిముషములలో ఆగిపోవును. వినగోరువారు ఆ వేళకు ముందే పొదల చెంతకు చేరి, దీపమార్పి, మాట కట్టిపెట్టి కూర్చుండవలెను.