గురువుగారికి రాని వాద్యం



పొద్దున్న పాలకొల్లు మీదుగా రాజమహేంద్రవరం వస్తుంటే, ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీతో చెప్పవలసిన మాట దారిలోనే దొరికింది. 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులోనే ఉప్పలపు శ్రీనివాస్ గారు పుట్టారు. లోకానికి ఆయన మాండలిన్ శ్రీనివాస్. ఆరేళ్ళ వయసులో నాన్నగారు సత్యనారాయణ గారి మాండలిన్ చేతిలోకి తీసుకున్నారు. నాన్నగారికి సంగీతం చెప్పిన రుద్రరాజు సుబ్బరాజు గారే కొడుక్కీ గురువయ్యారు. కర్ణాటక సంగీత గాయకులు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులాయన. కానీ ఆయనకు మాండలిన్ వాయించడం రాదు! అందుకని ఆయన పాడేవారు, పిల్లవాడు విని తీగల మీద పలికించేవాడు. ఆ పాఠం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించే తీరు, ఎలా ఉండాలో చెవికి తెలిసింది. దాన్ని ఎక్కడ పట్టుకోవాలో మాత్రం వేలే వెతుక్కోవాలి.

ఆ వెతుకులాటలో వాద్యమే మారిపోయింది. మామూలు మాండలిన్‌కి తీగలు నాలుగు జతలు. మీటిన స్వరం చప్పున ఆరిపోతుంది. సాగే గమకానికి అది చాలదు. శ్రీనివాస్ గారు జతలు వదిలేసి అయిదు ఒంటి తీగలతో ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టారు. స్వరం నిలబడింది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేసేనాటికి ఆయనకు తొమ్మిదేళ్ళు. 1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించారు. తర్వాత, రాక్‌నీ జాజ్‌నీ కలిపి మహావిష్ణు ఆర్కెస్ట్రా నడిపిన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకీర్ హుస్సేన్ గార్లతో 'రిమెంబర్ శక్తి' బృందంలో కూర్చున్నారు. ఆ రికార్డులు వినండి. గిటారు ఒక పలుకు పలికితే మాండలిన్ దాన్ని అందుకుని, తన రాగంలోకి తెచ్చుకుని తిరిగి చెబుతుంది. సుబ్బరాజు గారి ఎదుట కూర్చుని విన్న చెవే అది.

2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్ళకే, చెన్నైలో ఆయన వెళ్ళిపోయారు. ఆ దుఃఖం నాకింకా తీరలేదు.

ఆయనలాగే మీలో చాలామంది రేపటి నుంచి మీ గురువులు ఎన్నడూ ముట్టని యంత్రాల మీద పనిచేయబోతున్నారు. ఆ గురువులు ఈ హాల్లోనే, మీ వెనక వరసల్లో కూర్చున్నారు. పట్టా పుచ్చుకుని వేదిక దిగాక, ఫొటోలకు వెళ్ళేముందు, ఒకసారి వాళ్ళ దగ్గరికి వెళ్ళి రండి.