పూలమ్మినాక చేతిలో మిగిలేదెంత?

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఎర్రమంచి సభ్యురాలి ప్రసంగ పాఠం)



ఎర్రమంచి అంటే ఇప్పుడు అందరికీ కియా కార్లే గుర్తొస్తాయి. 2019 నుంచి అక్కడ కార్లు తయారవుతున్నాయి. మాబోటివాళ్లం పూలు కూడా పండిస్తున్నాం. ఆ లెక్క చెప్దామనే నిలబడినాను.

మొదటిసారి సంఘం అప్పుతో అరెకరా చామంతి పెట్టినా. విరగబూసింది. కానీ దీపావళి అయిపోయినాక. మార్కెట్టుకు మూటలు పంపితే, వచ్చిన పట్టీ చూసి ఏడుపొచ్చింది. కిలో 15 రూపాయలు!

లెక్క చూడండి. కిలోకు కోతకూలి 10, బాడుగ 3, కమీషన్ నూటికి 10 లెక్కన ఒకటిన్నర. మిగిలింది అర్ధరూపాయి. నారు, ఎరువు, మందు, వడ్డీ అన్నీ అందులోనే రావాల. అదే ధర 40 ఉంటే, కమీషన్ 4 పోయినా 23 మిగిలేది. పంట అదే, కష్టం అదే. తేడా అంతా అమ్మిన రోజుది.

అందుకే ఇప్పుడు పండగలు చూసుకుని నాటుతున్నా. చామంతికి మూడు నాలుగు నెలలు పడుతుంది కాబట్టి దసరా నుంచి వెనక్కి లెక్కేస్తా. అంతా చామంతే పెట్టకుండా సగం కనకాంబరం వేసినా. ధర పడితే ఇంట్లోనే కట్టి మూర లెక్కన అమ్ముతున్నా.

కొందరు అక్కలు పాలీహౌస్‌లో జెర్బెరా, కాడ గులాబీ పెడదామంటున్నారు. వద్దనను. కానీ అవి కిలోల్లో పోవు, కాడల లెక్కన పోతాయి. పొడవు చూస్తారు, నిటారు చూస్తారు. కోసిన వెంటనే నీళ్లలో పెట్టి చల్లగా ఉంచాల. పెళ్లిళ్లుంటేనే ధర. ఆషాఢంలో అడిగేవాళ్లు తక్కువ. 2020 లాక్‌డౌన్‌లో పెళ్లిళ్లు, గుళ్లు ఆగిపోతే పూలు తోటల్లోనే వాడిపోయినాయి. పువ్వు ఆగదు, అప్పు కంతూ ఆగదు. కాబట్టి పెద్ద అప్పుకు సంతకం పెట్టేముందు మూడు అడగండి: కొనేదెవరు? ధర లేని నెలల్లో కంతు ఎట్లా కడతాం? తెల్లారేసరికి మార్కెట్టుకు చేర్చేదెట్లా?

గ్రామ సంఘానికి నా మనవి ఒకటే. నలుగురి పూలు ఒకే బండిలో పంపుదాం, బాడుగ తగ్గుతుంది. పట్టీలన్నీ పుస్తకంలో అంటిద్దాం.

చివరిగా, మనం చీకట్లో లేచి కోసిన కూలి కూడా రాయండమ్మా. అది రాయకపోతే లాభం వచ్చినట్టే కనపడుతుంది. అది లాభం కాదు, మన కూలే.

సెలవు.