ప్రోస్టేట్ క్యాన్సర్ – మన దేశములో దాని వ్యాప్తి
(ఉప్పల్, నాచారం సంఘముల పురుషుల కూడికలో చేసిన ప్రసంగము)



సంఘకాపరి నోట ఈ రోగము మాట ఏమిటని కొందరికి తోచవచ్చును. రోగుల పడకల యొద్ద కూర్చుండుట మా పనిలో భాగము. షుగరును గూర్చి, బి.పి.ని గూర్చి మన పురుషులు ధారాళముగా చెప్పుదురు. మూత్రమునకు సంబంధించిన బాధనైతే భార్యకు సహితము చెప్పరు. గనుకనే ఈ అంశమును ఎన్నుకొంటిమి.

ప్రోస్టేట్ అనునది పురుషులకు మూత్రాశయము క్రింద ఉండు చిన్న గ్రంథి. వయసుతోపాటు అది పెరుగుట సాధారణము. పెరిగినదంతయు క్యాన్సర్ కాదు.

ఈ వ్యాధి ఎంతమందికి వచ్చుచున్నది? 2022లో ప్రపంచమంతట దాదాపు 14 లక్షల 67 వేలమందికి క్రొత్తగా వచ్చినదని అంతర్జాతీయ అంచనా. మన దేశములో ఆ సంఖ్య సుమారు 38 వేలు. ఇంత జనాభాలో ఇది స్వల్పమే అనిపించును. మన పురుషులలో నోటి క్యాన్సర్, ఊపిరితిత్తుల క్యాన్సర్ దీనికంటె ఎక్కువ. అయినను ఈ సంఖ్యను చూచి నిశ్చింతగా ఉండరాదు. రెండు కారణములు చెప్పెదము.

మొదటిది వయసు. ఇది ముఖ్యముగా అరువది దాటినవారికి వచ్చు వ్యాధి. స్వాతంత్ర్యము వచ్చిన కాలములో మనవారి సగటు ఆయుర్దాయము 32 ఏండ్ల ప్రాంతము. నేడు 70 ఏండ్ల ప్రాంతము. వృద్ధులు పెరిగినకొలది ఈ వ్యాధియు పెరుగును. 2040 నాటికి ప్రపంచములో ఏటా 29 లక్షలకు చేరునని 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘము అంచనా వేసినది. నాచారం, ఉప్పల్ కార్ఖానాలలో యువకులుగా చేరినవారు నేడు తాతలైరి. వారే మన ముందు వరుసలలో కూర్చుండియున్నారు.

రెండవది లెక్క. భారత వైద్య పరిశోధన మండలి 1981లో జాతీయ క్యాన్సర్ నమోదు కార్యక్రమమును ఆరంభించినది. ఆ నమోదు కేంద్రములు నేటికిని దేశ జనాభాలో ఐదవ వంతుకు లోపే చేరుచున్నవి. పైగా ఆసుపత్రికి వెళ్లి, పరీక్షలో తేలినవాడే లెక్కకు వచ్చును. నడుమునొప్పి ముసలితనమువలననే అనుకొని ఇంటిలోనే కన్నుమూసినవాడు ఏ పట్టికలోను ఉండడు. పట్టణములలో సంఖ్య ఎక్కువగాను, పల్లెలలో తక్కువగాను కనబడుటకు ఇదియు ఒక కారణము.

ఈ వ్యాధి తొలిదశలో తరచు ఏ బాధయు ఉండదు. మూత్రధార సన్నగిల్లుట, రాత్రి పలుమార్లు లేచుట అనునవి ఎక్కువగా మామూలు వాపు వలననే కలుగును. అయినను వైద్యునికి చూపవలెను. మూత్రములో రక్తము, విడువని ఎముకల నొప్పి కనబడినచో ఆలస్యము తగదు. పి.ఎస్.ఏ. అను రక్తపరీక్ష కలదు. అది మామూలు వాపులోను పెరుగవచ్చును గనుక దానిని చూచి హడలిపోరాదు. ముక్క పరీక్షయే నిర్ధారించును. గ్రంథి దాటకమునుపే కనుగొనినచో నయమగుటకు మంచి అవకాశము కలదు. ఎముకలకు ప్రాకిన తరువాత అణచి ఉంచుటయే గాని పూర్తిగా నయమగుట అరుదు.

కాబట్టి ఏబది నిండినవారు వైద్యునితో ఒకసారి మాటలాడుడి. తండ్రికిగాని అన్నదమ్ములకుగాని ఈ వ్యాధి వచ్చియున్నచో నలుబది అయిదింటికే అడుగుడి. ఇ.ఎస్.ఐ. కార్డు గలవారికి నాచారములోనే ఆసుపత్రి కలదు. రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి కలదు. తల్లులారా, అక్కలారా, మీ ఇంటి పెద్దలను మీరే అడుగుడి. వారు తమంతట తాము చెప్పరు.

సిగ్గు వలన ఒక్క ప్రాణమైనను మన సంఘములో పోకూడదని మా మనవి.