మిల్లు నీళ్లు, ఎండ, హైడ్రోజన్
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ బడిలోనే మా సైన్స్ సారు టార్చి బ్యాటరీలతో నీటిని విడగొట్టి, పరీక్షనాళిక మూతికి అగ్గిపుల్ల చూపిస్తే 'టప్'మంది. అది హైడ్రోజన్ చప్పుడు. దాని వెంటే నేను రసాయన శాస్త్రంలోకి పోయాను.

టైటానియం డయాక్సైడ్ మీద వెలుతురు పడితే నీరు విడిపోతుందని 1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా ప్రకటించారు. గోడల రంగుల్లో తెలుపు కోసం కలిపేదీ ఆ పదార్థమే. వెలుతురుకు అందులోని ఎలక్ట్రాన్ లేస్తుంది, లేచిన చోట ఖాళీ మిగులుతుంది. ఎలక్ట్రాన్ నీటి నుంచి హైడ్రోజన్ తీయాలి. కానీ శుద్ధమైన నీటిలో అది చాలాసార్లు ఆ ఖాళీలోకే తిరిగి పడిపోతుంది. నీటిలో సేంద్రియ మురికి ఉంటే ఖాళీ ఆ మురికిని విరగ్గొడుతుంది, ఎలక్ట్రాన్‌కు తీరిక దొరుకుతుంది. అంటే మురికే ఇక్కడ చుట్టం! కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో బయోడీజిల్ తయారీలో మిగిలే గ్లిజరాల్‌ను నీటిలో కలిపి ఇలాగే హైడ్రోజన్ తీశారు.

మిర్యాలగూడ వైపు బాయిల్డ్ మిల్లుల్లో వడ్లు నానబెట్టి వదిలే నీళ్ల వాసన మీకందరికీ ఎరుకే. అందులోని పిండి, చక్కెరలు కూడా ఈ జాతి మురికే. అయితే ముందు వడకట్టాలి, రంగు నీళ్లలోకి వెలుతురు దిగదు. పాత్రలో గాలి ఉండకూడదు, ఉంటే ఎలక్ట్రాన్‌ను ఆక్సిజన్ లాగేసుకుంటుంది. పైగా ఈ తెల్లపొడికి పనికొచ్చే అతినీలలోహిత కిరణాలు ఎండలో సుమారు 5 శాతమే. 2021లో టోక్యో పరిశోధకులు ఇలాంటి ఉత్ప్రేరకంతో 100 చదరపు మీటర్ల పలకలు ఎండలో పెట్టి నీటిని విడగొట్టారు. సామర్థ్యం ఎక్కువలో ఎక్కువ 0.76 శాతం. కాబట్టి రేపే మిల్లుకు మిల్లు హైడ్రోజన్‌తో నడుస్తుందని చెప్పలేను.

ఇందాక భోజనాల దగ్గర ఒక అన్న, "తమ్మీ, మన ఫ్లోరైడ్ పోతదా?" అనడిగాడు. పోదు అన్నా. చక్కెర విరిగినట్టు ఫ్లోరైడ్ విరగదు. దానికి పటిక, సున్నంతో మన జిల్లా పేరు పెట్టుకున్న 'నల్గొండ పద్ధతి' లాంటివి వేరే ఉన్నాయి. ఈ మాట దాచి ఆశ పెడితే మా సారు ముందు నిలబడలేను.

ఒక పొట్లం టైటానియం డయాక్సైడ్, చిన్న సీసా మిథిలీన్ బ్లూ తెచ్చాను. రెండూ నీళ్లలో కలిపి, వెడల్పు గిన్నెలో ఎండకు పెట్టి కలుపుతుంటే నీలం వెలిసిపోతుంది. పదో తరగతి పిల్లలకు చూపించండి సార్. హైడ్రోజన్ జోలికి మాత్రం మీరు దగ్గర లేకుండా పోనివ్వకండి.