పుస్తకమును వినిపించు గొంతు

తార్నాక యను పేరు తీగెకంచె గల నాకానుండి వచ్చినదని పెద్దలు చెప్పుదురు. నేడచ్చట ఆ కంచెయు లేదు, ఆ నాకాయు లేదు. తీగెలు మాత్రము మనుష్యుల చెవులలోనికి వచ్చినవి. ప్రాతఃకాలమున తార్నాక కూడలినుండి ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణలోనికి నడకకై పోవువారిని చూడుడు. పలువురు చెవులకు ఏదో తగిలించుకొని యుందురు. వారందరు సినిమా పాటలే వినుచున్నారని యనుకొనరాదు. కొందరు నవలలు వినుచున్నారు. 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల భవనము వరకు సుమారు అరగంట నడక. ఒక ప్రకరణము ముగియుటకు అది చాలును.

ఒకరు చదువగా పదిమంది వినుట మనకు క్రొత్త గాదు. అరుగుమీద భారతము చదివించుకొని వినిన తాతలు మన ఇండ్లలో నుండిరి. క్రొత్తదేమనగా, ఇప్పుడు చదువువాడు కంటికి కనబడడు. వినినదానినే మరల వినవచ్చును గాని, ‘ఈ మాటకు భావమేమి?’ యని అతనిని అడుగుటకు వీలులేదు. కావున ఆ గొంతు ఎట్టిదన్న ప్రశ్న పెద్దదగుచున్నది. ఈ నడుమ వినినవానిని బట్టి నాకు తోచిన నాలుగు మాటలు మనవి చేయుదును.

మొదట ఉషశ్రీ. పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు (1928–1990) అను అసలు పేరు పలువురకు తెలియదు. ఉషశ్రీ యనిన తెలియనివారు అరుదు. 1970లలో విజయవాడ ఆకాశవాణినుండి ఆయన వినిపించిన రామాయణ భారతములు నేటికిని ధ్వనిముద్రణలలో లభించుచున్నవి. మొన్న మరల వింటిని. గంభీరమైన గొంతు గలవారు ఎందరో యుందురు. ఆయన గొప్ప గొంతులో కంటె ఆగుటలో నున్నది. ఒక పాత్ర ప్రశ్న అడిగిన తరువాత, ఉత్తరమునకు ముందు, ఆయన ఒక్క క్షణము ఊరకుందురు. ఆ క్షణమున శ్రోత తనలో తాను ఉత్తరము వెదకుకొనును. అయితే ఆయన పౌరాణికులు. గ్రంథము ఆయన చేతిలో మెత్తని మట్టి. నవలను చదివి వినిపించువానికి ఆ స్వాతంత్ర్యము లేదు. రచయిత వ్రాసిన మాటనే పలుకవలెను, కాని అప్పుడే తోచినట్లు పలుకవలెను.

‘వేయిపడగలు’ నవలను 1934లో విశ్వనాథ సత్యనారాయణగారు చెప్పుచుండగా తమ్ములు వేంకటేశ్వర్లుగారు వ్రాసిరి. 29 దినములలో ముగిసినదని ప్రసిద్ధి. నోటినుండి పుట్టిన గ్రంథము గనుక దానిని మరల నోటికి తెచ్చుట సులభమని తోచును గాని, అంత నిడివి గల నవలను నడిపించుటకు ఓర్పు కావలెను. కంటితో చదువునపుడు వర్ణనలు దాటవేసి కథ వెంట పరుగెత్తుట మనలో చాలమందికి అలవాటు. చెవితో వినునపుడు అట్లు దాటుట కష్టము. నడకలో ఆ వర్ణనలను మొదటిసారి పూర్తిగా వింటిని. తొందరపడని చదువరి దొరికినచో ఆ నిడివి భారము కాదు.

దాశరథి రంగాచార్యులుగారి ‘చిల్లర దేవుళ్ళు’ (1969) పెట్టు పరీక్ష వేరు. అది నిజాము కాలపు తెలంగాణ గ్రామము. సంభాషణలు అచ్చటి మాటలో, ఉర్దూ పదములతో నడచును. ఆంధ్ర ప్రాంతమునుండి ఆ ఊరికి వచ్చిన సంగీత విద్వాంసుడు మరియొక తెలుగు మాటలాడును. చదువరికి రెండు నాలుకలు కావలెను. నేను వినిన పఠనమున గొంతు మధురము, ఉచ్చారణ శుద్ధము. కాని దొరయు, కూలివాడును, విద్వాంసుడును ఒకే ఊరివారైపోయిరి. ‘బాంచెన్’ అను మాటను పాఠ్యపుస్తకపు పదమువలె పలికినచో, దాని వెనుక వంగిన నడుము కనబడదు. అట్లని వెక్కిరింపువలె సాగదీయుటయు తగదు. మన చలనచిత్రములలో ఆ అన్యాయము చాలకాలము జరిగినది. ఆ యాసలో పుట్టినవారిచేతనే చదివించిన సరిపోవును. తార్నాకలో అట్టివారు వీధికి పదిమంది గలరు.

ఇక నటన ఎంతవరకు ఉండవచ్చును? 1935లో బ్రిటనులో అంధుల కొరకు ‘మాటాడు పుస్తకములు’ గ్రామఫోను పళ్ళెములపై మొదట విడుదలైనపుడు, వానిలో అగాథా క్రిస్టీ రచించిన రోజర్ ఆక్రాయిడ్ హత్యకథ యొకటి. అందు కథ చెప్పువాడు ఒక సంగతి దాచును. (ఏమిటో చెప్పి, చదువనివారి సంతోషము చెడగొట్టను.) చదువరి తన తెలివి చూపబోయి గొంతులో ఏ మాత్రము కపటము ధ్వనింపజేసినను పుస్తకము అచ్చటనే చచ్చును. అతనికి అన్నియు తెలిసి యుండవలెను, తెలిసినట్లు వినబడరాదు.

నాకు ఇట్లు వినుట వినోదము. విశ్వవిద్యాలయమున చదువు అంధ విద్యార్థికి అది అన్నము. కంటితో చదువువానికి ‘అర్థము’, ‘అర్ధము’ అక్షరములలోనే వేరుగా కనబడును. ఒకటి ధనము లేక భావము, రెండవది సగము. చెవితో చదువువానికి ఆ భేదము చదువరి నాలుకమీదనే యున్నది. ‘సకలము’ అనిన అంతయు. ‘శకలము’ అనిన ముక్క. శకారము పలుకలేని చదువరి అంతయు ముక్కయు ఒకటి చేసి వేయును. సరిచూచుకొనుటకు ఆ విద్యార్థి యెదుట పుట లేదు. వినినదే పరీక్షలో లేఖకునికి చెప్పి వ్రాయించును, మార్కులు పోయిన పిదప గాని తప్పు తెలియదు.

యంత్రము చదివి పెట్టుచున్నది గదా యని కొందరందురు. నిజమే. అది అర్ధరాత్రి కూడ విసుగుకొనదు. అలవాటుపడిన విద్యార్థులు దానిని రెండింతల వేగమున నడపి, మనకు ఒక్క మాటయు అందని ధ్వనిలోనుండి పాఠమంతయు గ్రహింతురు. ఆ నైపుణ్యము ఆశ్చర్యము గొలుపును. కాని పాత తెలుగు పుస్తకపు పుటకు ఛాయాచిత్రము తీసి ఇచ్చినచో, యంత్రము ఒక్కొక్కప్పుడు మకారమును యకారమనియు, పకారమును వకారమనియు చూచును. అట్లు చూచినదానిని ఏ సంకోచమును లేక చదువును. మనుష్యుడైనచో తడబడును, ఆ తడబాటే శ్రోతకు హెచ్చరిక.

చట్టపు అడ్డంకి చాలవరకు తొలగినది. అంధులకు అనువైన ప్రతులు తయారుచేయుటకు 2012లో సవరించిన కాపీరైటు చట్టము అవకాశమిచ్చినది. అంధుల గ్రంథములకు సంబంధించి 2013లో మరకేష్ నగరమున కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికను 2014లో అన్ని దేశములకంటె ముందు ధ్రువపరచినది మన దేశమే. 2016లో సుగమ్య పుస్తకాలయమను ఆన్‌లైన్ గ్రంథాలయమును ఏర్పడినది. చాలనివి గొంతులు.

పుటకు రెండు నిమిషముల చొప్పున 300 పుటల గ్రంథమునకు 10 గంటలు. తప్పులు దిద్దుటకు మరి 10 గంటలు వేసికొనుడు. దినమునకు అరగంట ఇచ్చు విశ్రాంత ఉపాధ్యాయుడు 40 దినములలో ఒక గ్రంథము ముగింపగలడు. అట్టివారు మొదట పుస్తకమంతయు తమకై చదువుకొనవలెను. పిదప పంకా ఆపి, కిటికీలు మూసి, ప్రక్కన మంచినీళ్ళు పెట్టుకొని కూర్చుండవలెను. ప్రతి ప్రకరణమునకు ముందు దాని సంఖ్యయు, పుట సంఖ్యయు చెప్పవలెను. విద్యార్థి వెదకుకొనుటకు అవియే గుర్తులు. తార్నాక కూడలికి దగ్గరగా ఇల్లున్నవారు మోటారు కూతలు మొదలుకాక మునుపే, తెల్లవారుజామున నాలుగింటికి ప్రారంభించుట మేలు.