పోయిన బిడ్డ పేరు మీద ఒక మంచి పని

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చదివిన ప్రసంగం)



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు ఈ పుస్తకంలో వేరే పేజీల్లో ఉన్నయి. ఇప్పుడు లెక్కల్లోకి రాని ఒక ముచ్చట మాట్లాడుకుందాం.

మన సంఘాల్లో ఎదిగిన బిడ్డలను పోగొట్టుకున్న తల్లులు ఉన్నరు. పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలు. బండి మీద పోయి ఒకరు, జ్వరమొచ్చి ఒకరు. పెద్దవాళ్లు పోతే ఏం చెయ్యాల్నో మనకు తెలుసు. దినాలు చేస్తం, ఏడాదికి సంవత్సరీకం పెడతం. పదహారేండ్ల పిల్ల పోతే మాత్రం దినాలు కాంగనే అందరి నోర్లు మూతపడతయి. ఎదురొచ్చినోళ్లు ఏం మాట్లాడాల్నో తెలవక తల వంచుకొని పోతరు. ఆ తల్లికి మాత్రం బిడ్డ పుట్టినరోజు వస్తది, పరీక్ష ఫలితాల రోజు వస్తది, తోటి పిల్లలు కాలేజీకి పోయేది కనబడతది. బిడ్డ పేరు ఎవరూ ఎత్తకపోతే, ఆ బిడ్డ అసలు పుట్టనే లేదన్నట్టు అయితది.

అందుకే మొదటి మాట: పేరు పెట్టి మాట్లాడండి. "నీ కొడుకు మా పిలగానికి సైకిల్ నేర్పిండక్కా" అని ఒక్క మాట అనండి. ఆమె ఏడుస్తది. ఏడవనియ్యండి. ఆ ఏడుపు మీ మాటతో కొత్తగా వచ్చింది కాదు, లోపల ఉన్నదే.

రెండో మాట: బిడ్డ పేరు మీద నలుగురికి పనికొచ్చే మంచి చెయ్యడం. ఇది కొత్త ముచ్చట కాదు. లండన్‌లో స్టీఫెన్ లారెన్స్ అనే 18 ఏండ్ల పిలగాడు ఉండె. నల్లజాతి పిల్లవాడు, ఇండ్లకు నమూనాలు గీసే ఆర్కిటెక్ట్ కావాలని ఆశ. 1993 ఏప్రిల్ 22న బస్సు కోసం నిలబడ్డవాణ్ని, రంగు చూసి పగబట్టినోళ్లు పొడిచి చంపిన్రు. తల్లి డొరీన్ లారెన్స్ న్యాయం కోసం ఏండ్లకేండ్లు కొట్లాడింది. కొట్లాడుకుంటనే, కొడుకు పేరు మీద ట్రస్టు పెట్టి, బీద ఇండ్ల పిల్లలు ఆర్కిటెక్టులు అయ్యేటందుకు చదువు సాయం మొదలుపెట్టింది. తన కొడుకు చదవలేకపోయిన చదువు వేరే తల్లుల పిల్లలు చదివిన్రు.

మన తెలంగాణలో కూడా ఉంది. నల్గొండ నాయకుడు కోమటిరెడ్డి వెంకట్‌రెడ్డి కొడుకు ప్రతీక్, ఇంజనీరింగ్ చదువుతుండగా 2011 డిసెంబర్‌లో రోడ్డు ప్రమాదంలో చనిపోయిండు. ఆ పిల్లవాని పేరు మీద ఫౌండేషన్ పెట్టిన్రు. నల్గొండలో సర్కారు మగపిల్లల జూనియర్ కాలేజీకి బిల్డింగ్ కట్టించిన్రు. పార్టీ ముచ్చట కోసం చెప్తలేం, తండ్రి దుఃఖం ఏ పార్టీలోనైనా ఒక్కటే.

"వాళ్లకు పైసలున్నయి, కట్టిన్రు. మనతోని ఏమైతది?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. మనతో అయ్యేవి చూద్దాం.

ఎండాకాలం మన బొగ్గు గనుల ఊర్లల్ల ఎండ సంగతి చెప్పనక్కర లేదు. బస్టాండు కాడ నాలుగు కుండలు పెట్టి, బిడ్డ పేరు రాసి చలివేంద్రం నడపవచ్చు. సంఘంలో పది మంది ఉంటే వంతుల వారీగా నీళ్లు పోస్తే ఒక్కరి మీద భారం పడదు. బడులు తెరిచే జూన్‌లో, ఆ బిడ్డ చదివిన బడిలోనే ఇద్దరు ముగ్గురు పిల్లలకు నోటుబుక్కులు కొనియ్యవచ్చు. టీచర్‌ను అడిగితే ఎవరికి అవసరమో చెప్తరు.

రక్తదానం ఇంకొకటి. తలసేమియా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించాలి, లేకపోతే బతకరు. 18 ఏండ్లు నిండి, 45 కిలోల బరువు, 12.5 హిమోగ్లోబిన్ ఉన్న ఆరోగ్యవంతులు రక్తం ఇయ్యవచ్చు. మగవాళ్లు మూడు నెలలకు, ఆడవాళ్లు నాలుగు నెలలకు ఒకసారి. మనలో చాలామందికి రక్తం తక్కువుంటది, అసొంటోళ్లు ముందు మందులు వాడి, తిండి తిని, తర్వాత చూడండి. బిడ్డ పుట్టినరోజు నాడు ఆ వాడ యువకులు ఇస్తే, ఆ తేదీకి కొత్త అర్థం వస్తది.

నేత్రదానం గురించి కొంచెం వివరంగా చెప్తం. గోదావరిఖని వైపు సదాశయ ఫౌండేషన్ వాళ్లు సింగరేణి కుటుంబాల మధ్య దీనికోసం పని చేస్తున్నరు. చనిపోయిన 6 గంటల లోపు కండ్లు తియ్యాలి. అందాక రెప్పలు మూసి, తడి దూది పెట్టి, ఫ్యాన్ ఆపి, తల కింద దిండు పెట్టాలి. పావుగంట, ఇరవై నిమిషాల పని. మొఖం పాడు కాదు. ఒకరి కండ్లు ఇద్దరికి చూపునిస్తయి. ప్రమాదంలో మెదడు చనిపోయిందని డాక్టర్ల బృందం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్ష చేసి తేల్చితే, జీవన్‌దాన్ ద్వారా గుండె, కాలేయం, కిడ్నీలు కూడా ఇయ్యవచ్చు. 18 ఏండ్ల లోపు పిల్లలైతే తల్లిదండ్రులే ఒప్పుకోవాలి. ఆ గడియలో ఆలోచించుడు ఎవరితరం కాదు. అందుకే ఇండ్లల్ల ముందే ఒకసారి మాట్లాడుకోవాలి.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి. ఏ పని చెయ్యాల్నో, అసలు చెయ్యాల్నో వద్దో, తల్లిదండ్రులే చెప్పాలి. మనం తొందరపెట్టవద్దు. ఒక తల్లికి మూడు నెలలకే చెయ్యబుద్ది అయితది, ఇంకో తల్లికి మూడేండ్లు పడతది. రెండూ సరైనవే. దీనికోసం అప్పు తేవద్దు, అప్పు తెచ్చి చేసిన మంచి ఆ ఇంటికి ఇంకో బరువైతది. సాయం తీసుకునే పిల్లలను వరుసలో నిలబెట్టి ఫోటోలు తియ్యవద్దు. బిడ్డ తన ప్రాణం తానే తీసుకున్న ఇల్లయితే, "ఎందుకు చేసిండు" అని అడగనే వద్దు. అక్కడ మన పని తోడు కూర్చునుడు. ఆ ఇంట్లో ఎవరికైనా మనసు బాగలేకపోతే టెలీ మానస్ 14416 కు ఫోన్ చెయ్యాలి, తెలుగులో మాట్లాడుతరు, పైసలు కట్టేది లేదు.

ఇంకోటి, కిస్తీ సంగతి. బిడ్డ పోయిన నెలలో ఆ సభ్యురాలి కిస్తీ గురించి ఆమె ఇంటి ముందట నిలబడి అడగవద్దు. సంఘం కూర్చొని సర్దుబాటు చేసి, తీర్మానాల పుస్తకంలో రాసుకోవాలి. పొదుపు చేసుడు మనకు నేర్పిందే ఇది, ఒకరికి కష్టమొస్తే పది చేతులు మొయ్యాలని.

ఈ ఏడాది ప్రతి సంఘాన్ని మేము కోరేది ఒక్కటే. వచ్చే నెల మీటింగుల పొదుపు వసూలు అయినంక ఒక పావుగంట దీనికి ఇయ్యండి. మీ సంఘంలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఉంటే, ఆమె ఒప్పుకుంటే, ఆ బిడ్డ పేరు, పుట్టిన తేదీ పుస్తకం చివరి పేజీలో రాసిపెట్టండి. ఏటా ఆ తేదీ నాడు ఇద్దరు ఆమె ఇంటికి పోయి రండి. చేతిలో ఏమీ లేకపోయినా ఫరవాలేదు. చాయ్ తాగి, ఆ బిడ్డ ముచ్చట రెండు మాటలు మాట్లాడి రండి. మిగతా మంచి పనులు అక్కడి నుంచే మొదలైతయి.