కిటికీ తెరచి ఎదురుచూసే కంప్యూటరు

(బంజారా హిల్స్‌లో పాల సంఘాల కార్యదర్శులకు, టెస్టర్లకు జరిగిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతిలో మాకు అప్పగించిన విషయం కంప్యూటరు ప్రోగ్రాము. పాడికీ ప్రోగ్రాముకూ ఏమి సంబంధమని కొందరు అనుకోవచ్చు. ఈనాడు అనేక సంఘాలలో పాలు పోయగానే తూకం యంత్రం అంకె చూపుతుంది. పరీక్ష యంత్రం వెన్న శాతం చెబుతుంది. కంప్యూటరు లెక్క కట్టి చీటీ ఇస్తుంది. ఆ చీటీ మీదనే మన బిల్లు నడుస్తున్నది. కాబట్టి ఆ తెర వెనుక ఏమి జరుగుతున్నదో మనం తెలుసుకోవాలి. ప్రోగ్రాము రాసేవారు కొద్దిమందే. దానిని ప్రశ్నించే హక్కు మాత్రం ప్రతి సభ్యునికీ ఉన్నది.

కిటికీ ఎక్కడినుంచి వచ్చింది?

కంప్యూటరు తెరమీద గీసి చూపే చట్రాన్ని విండో అంటారు. అంటే కిటికీయే. అందులో అంకెలు రాసే గళ్ళు, నొక్కే బటన్లు ఉంటాయి. తొలినాళ్ళలో ఇవేవీ లేవు. నల్లని తెరమీద కంప్యూటరు ఒక ప్రశ్న వేసేది, మనిషి జవాబు టైపు చేసేవాడు, తరువాత ఇంకొక ప్రశ్న. 1968 డిసెంబరు 9న అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఇంజనీరు మౌస్‌తో తెరమీది వస్తువులను చూపిస్తూ పనిచేసి చూపారు. 1973లో జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో ఆల్టో అనే కంప్యూటరు తయారైంది. కిటికీల పద్ధతి దానిమీద పెరిగింది. 1984లో యాపిల్ వారి మాకింటోష్, 1985లో మైక్రోసాఫ్ట్ వారి విండోస్ బజారుకు వచ్చాయి. 1991లో వచ్చిన విజువల్ బేసిక్‌తో సామాన్య ప్రోగ్రామరు కూడా బటన్లను బొమ్మల్లా అమర్చుకుని కిటికీ తయారు చేయగలిగాడు.

ప్రొజెక్టరు వేరు, క్యాంటీను వేరు

ఈ మార్పులోని అసలు సంగతి బొమ్మల అందం కాదు. ఎవరు ఎవరికోసం ఎదురుచూస్తారన్నదే అసలు సంగతి.

ఫిల్ము రీళ్ళు ఆడిన రోజుల సినిమా హాలును తీసుకుందాం. ప్రొజెక్టరులో రీలు ఎక్కించిన తరువాత సెకనుకు 24 ఫ్రేముల చొప్పున సాగిపోయేది. వెయ్యి అడుగుల రీలు సుమారు 11 నిమిషాలు. ప్రేక్షకుడు ఆలస్యంగా వచ్చినా, మధ్యలో లేచిపోయినా రీలు ఆగేది కాదు, వరుస మారేది కాదు. పాతకాలపు ప్రోగ్రాము ఇటువంటిదే. మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా రాసిన క్రమంలో నడుస్తుంది.

అదే హాలులో క్యాంటీను అతనిని చూడండి. ముందు టీ, తరువాత సోడా, ఆ తరువాత సమోసా అని అతను క్రమం పెట్టుకోలేడు. ఎవరు ఏది అడుగుతారో తెలియదు. అయినా ఏది అడిగితే ఏమి చేయాలో ముందే తెలుసు. అడిగినది ఇచ్చి, మళ్ళీ గల్లాపెట్టె దగ్గర నిలబడతాడు. కిటికీ ప్రోగ్రాము ఈ క్యాంటీను వంటిది. బటను నొక్కడం, గడిలో అంకె రాయడం, తూకం యంత్రం నుంచి అంకె రావడం, గడియారంలో సెకను గడవడం, వీటిలో ప్రతిదానినీ ఒక సంఘటన అంటారు. సంఘటనలు ఒకదాని వెనుక ఒకటి వరుసలో నిలబడతాయి. ప్రోగ్రాము వాటిని ఒక్కొక్కటిగా తీసి, దానికి రాసిపెట్టిన పని చేసి, తిరిగి ఎదురుచూస్తుంది.

నాలుగు మెట్లు

ప్రోగ్రాము నేర్చుకోవాలనుకునే యువకులు మన ఊళ్ళలో ఉన్నారు. ఈ బంజారా హిల్స్‌కు దగ్గరలోని అమీర్‌పేటకు అందుకోసమే ఎందరో వచ్చి చేరుతుంటారు. వారికి నాలుగు మెట్లు చెబుతాము. పైథాన్ అనే భాషలో, దానితోపాటు వచ్చే టికింటర్ అనే సాధనంతో ఇవి సులభంగా చేయవచ్చు.

మొదటిది, ఖాళీ కిటికీ తెరవడం. రెండవది, అందులో గళ్ళు, బటన్లు అమర్చడం. మూడవది, ఏ బటను నొక్కితే ఏ పని జరగాలో ముడివేయడం. నాలుగవది, ఇక ఎదురుచూడు అని ఆజ్ఞ ఇవ్వడం. ఈ నాలుగవది మరచిపోతే కిటికీ తెరచీ తెరవగానే మాయమైపోవచ్చు.

మూడవ మెట్టు దగ్గర కొత్తవారు తరచుగా తడబడతారు. బటనుకు పని పేరును మాత్రమే అప్పగించాలి. దానికి బదులు ఆ పనిని అక్కడికక్కడే చేయిస్తే, ఎవరూ నొక్కకముందే అది జరిగిపోతుంది. క్యాంటీను కుర్రవానికి “ఎవరైనా అడిగితే టీ ఇవ్వు” అని చెప్పడం వేరు, “టీ తీసుకురా” అనడం వేరు గదా.

పాల కేంద్రంలో సంఘటనలు

ఇప్పుడు మన కేంద్రానికి వద్దాం. తెల్లవారు జామున సభ్యుడు వచ్చి నంబరు చెబుతాడు. ప్రోగ్రాము ఎదురుచూసే సంఘటనలు ఇవి:

సభ్యుని నంబరు రాసినప్పుడు: పేరు చూపాలి. పాత సభ్యుని తూకం, వెన్న శాతం గళ్ళు రెండూ ఖాళీ చేయాలి.

తూకం యంత్రం అంకె పంపినప్పుడు: వెంటనే పట్టుకోరాదు. పాలు పోస్తున్నంత సేపూ అంకె కదులుతూనే ఉంటుంది. వరుసగా కొన్నిసార్లు ఒకే అంకె వస్తేనే తీసుకోవాలి.

పరీక్ష యంత్రం వెన్న శాతం పంపినప్పుడు: అది ఏ సభ్యుని శాంపిలుదో సరిచూచి ఆ పేరుమీదనే వేయాలి.

నమోదు బటను నొక్కినప్పుడు: నంబరు, తూకం, శాతం అన్నీ వచ్చాయా అని చూడాలి. ఏది రాకపోయినా ఆ బటను నొక్కుడు పడకుండా ఉండాలి.

మొదటిదానిలో గళ్ళు ఖాళీ చేయాలన్నది చిన్న మాటగా కనిపిస్తుంది. దాని ఖరీదు చూడండి. ఒక సోదరి 5 కిలోల గేదె పాలు పోసింది. వెన్న 6.5 శాతం. అంటే 325 గ్రాముల వెన్న. ఉదాహరణకు కిలో వెన్నకు 800 రూపాయలు అనుకుందాం, ఎస్.ఎన్.ఎఫ్. లెక్క ప్రస్తుతానికి పక్కన పెడదాం. ఆమెకు రావలసినది 260 రూపాయలు. ఆమెకు ముందు పాలు పోసిన వారి ఆవు పాలలో వెన్న 4 శాతం. ఆ అంకె గడిలో అలాగే ఉండిపోయి, కొత్త అంకె రాకముందే నమోదు నొక్కితే, ఆమె ఖాతాలో పడేది 200 గ్రాములు, అంటే 160 రూపాయలే. ఒక్క పూటకు 100 రూపాయలు పోయినట్లు. వరుస తిరగబడితే నష్టం సంఘానిది. ఇందులో టెస్టరు దొంగతనం లేదు, యంత్రం లోపమూ లేదు. ఒక సంఘటనకు రాయవలసిన ఒక్క వాక్యం రాయలేదు, అంతే.

కిటికీ బిగుసుకుపోతే

కొన్నిసార్లు ఏది నొక్కినా తెర పలకదు. క్యాంటీను అతను గల్లాపెట్టె వదలి పాల ప్యాకెట్టు కోసం బజారుకు పోతే బయట వరుస పెరిగినట్లే ఇదీ. ప్రోగ్రాము ఒక సంఘటనకు జవాబు చెబుతూ, యూనియన్ కార్యాలయానికి లెక్కలు పంపడం వంటి దీర్ఘమైన పనిలో పడితే, మిగిలిన సంఘటనలు వరుసలో ఆగిపోతాయి. అవి పోవు, ఆగుతాయి. ఇది గమనించవలసిన విషయం. టెస్టరు విసుగెత్తి నమోదు బటను మూడుసార్లు నొక్కితే, తెర కదలగానే ఆ మూడు నొక్కుళ్ళకూ మూడు జవాబులు జరిగి మూడు చీటీలు రావచ్చు.

దీనికి రెండు మందులు ఉన్నాయి. దీర్ఘమైన పనిని వేరే దారిలో నడిపించి కిటికీని ఖాళీగా ఉంచడం ఒకటి. అదే సభ్యుని పేరుమీద అదే పూట రెండవ నమోదు వస్తే “ఇది రెండవ క్యానా?” అని అడగడం మరొకటి. రెండు క్యాన్లు తెచ్చేవారూ ఉంటారు గనుక తిరస్కరించరాదు, అడగాలి.

కరెంటు పోవడం వేరే సంగతి. అది ముందుగా చెప్పి రాదు, జవాబు చెప్పే వ్యవధి ఇవ్వదు. అందువల్ల ప్రతి నమోదునూ ఆ క్షణమే డిస్కులో రాసిపెట్టాలి. పూట ముగిశాక ఒక్కసారిగా రాద్దామనుకుంటే ఆ పూట లెక్క అంతా గల్లంతవుతుంది.

ఎడిటింగ్ గది నేర్పే పాఠం

మనం కూర్చున్న ఈ బంజారా హిల్స్ ఒకప్పుడు రాళ్ళు, పొదలతో నిండిన గుట్ట. 1976లో అక్కినేని నాగేశ్వరరావు గారు ఇక్కడ అన్నపూర్ణ స్టూడియోస్ నెలకొల్పారు. మద్రాసులో వేళ్ళూనిన తెలుగు సినిమా క్రమంగా హైదరాబాదుకు తరలి వచ్చి, పక్కనున్న జూబ్లీ హిల్స్, ఫిల్మ్ నగర్‌లలో స్థిరపడింది. ఆ పరిశ్రమ నుంచి మన పాల సంఘాలు నేర్చుకోదగినది ఒకటి ఉన్నది.

ఫిల్ము రోజులలో ఎడిటరు మూవియోలా ముందు కూర్చుని ఫిల్మును కత్తిరించి అతికించేవారు. అయితే కత్తిరించినది రష్ ప్రింటునే. కెమెరాలో ఎక్కిన అసలు నెగటివ్‌ను అప్పుడు తాకేవారు కాదు. అన్ని నిర్ణయాలూ అయిన తరువాతనే దానిని జాగ్రత్తగా కోసేవారు. ఈనాడు ఎడిటింగ్ కంప్యూటరు కిటికీలో జరుగుతున్నది. ఎడిటరు ఎక్కడైనా నొక్కవచ్చు, దృశ్యాన్ని ముందుకు వెనుకకు జరపవచ్చు, వద్దనుకుంటే ఒక్క మీటతో వెనక్కి తీసుకోవచ్చు. ఎన్ని మార్పులు చేసినా కెమెరా తెచ్చిన అసలు దృశ్యం చెక్కుచెదరదు. ఎక్కడ కోయాలి, ఎక్కడ కలపాలి అనే సూచనలు మాత్రమే మారుతుంటాయి. అంత స్వేచ్ఛ ఉన్నా భయం లేకపోవడానికి కారణం ఇదే.

మన దగ్గర పరిస్థితి ఇంకా కఠినమైనది. డబ్బాలో కలిసిన పాలు వెనక్కి రావు. శాంపిలు పారబోసిన తరువాత తిరిగి పరీక్షించడానికి ఏమీ మిగలదు. మనకు మిగిలే నెగటివ్ ఒక్కటే. అది యంత్రాలు పంపిన మొదటి అంకె. దానిని ఎవరూ చెరపరాదు. దిద్దుబాటు అవసరమైతే పాత అంకెను అలాగే ఉంచి, కొత్త అంకె, దిద్దినవారి పేరు, సమయం, కారణం పక్కన రాయాలి. పాత రిజిస్టరులో తప్పును కొట్టివేసి, అంకె కనబడేలా ఉంచి, సంతకం పెట్టేవాళ్ళం గదా. తెల్ల సిరా పూస్తే ఆడిటరు ఊరుకుంటాడా? ప్రోగ్రాముకూ అదే నియమం.

సభ్యులు అడగవలసినవి

జాతీయ పాడి అభివృద్ధి మండలి వారు సంఘాల కోసం ఎ.ఎం.సి.ఎస్. అనే ప్రోగ్రామును రూపొందించారు. ప్రయివేటు కంపెనీలవీ వాడుకలో ఉన్నాయి. ఎవరిదైనా సరే, కొనేముందు పాలకవర్గం ఈ పరీక్షలు చేయించాలి.

ఒకటి, ఒక సభ్యుని లెక్క ముగిసి ఇంకొకరి నంబరు రాయగానే పాత అంకెలు పోతున్నాయా? రెండు, పాలు పోస్తుండగా నమోదు నొక్కితే ఒప్పుకుంటున్నదా? మూడు, నమోదును గబగబా మూడుసార్లు నొక్కితే ఎన్ని చీటీలు వస్తున్నాయి? నాలుగు, పూట మధ్యలో కంప్యూటరు తీగ లాగి మళ్ళీ పెడితే అంతవరకు జరిగిన లెక్క ఉన్నదా? అయిదు, దిద్దిన అంకె వెనుక పాత అంకె కనిపిస్తున్నదా? ఆరు, చీటీ తెలుగులో వస్తున్నదా, సభ్యుని వైపు కూడా ఒక తెర ఉన్నదా?

ఈ పరీక్షలకు కంప్యూటరు చదువు అక్కరలేదు. ఒక పూట ఓపిక చాలు. అమ్మేవారు విసుక్కుంటే వేరొకరిని పిలవండి.

ఒకప్పుడు టెస్టరు బ్యుటిరోమీటరు గొట్టం వెలుతురుకు ఎత్తి పట్టినప్పుడు సభ్యుడు పక్కన నిలబడి గీత చూసుకునేవాడు. ఆ చూసుకునే హక్కు యంత్రం వచ్చిందని పోకూడదు. కిటికీ ఎదురుచూసేది మనకోసమే. దానిలోకి తొంగి చూడటం సభ్యుల వంతు.

మీ సంఘాలలో ఈ పరీక్షలు జరిపించి, ఫలితాలను మహాజన సభలో చదివి వినిపించవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.